జ్యోతి పేరు మీద వచ్చిన తంతి

ఆదోని తంతి ఆఫీసు పెద్దయ్యగారికి, ఊరి బయటి కాలనీ మందిరంలో వాక్యం చెప్పే నేను రాసేది.

తంతిలో విలాసానికి కూడా మాటకింత అని డబ్బు పట్టుకుంటారు గనక, మా కాలనీకంతా కలిపి తంతి విలాసంగా ఒక్క మాట పేరు కావాలని అర్జీ ఇచ్చినాను. జ్యోతి అని రాసినాను. మీ గుమాస్తా నవ్వి, "ఆ పేరు నూనె మిల్లోళ్ళది సామీ. ఒక ఊర్లో ఒక పేరు ఒక్కరికే. మీ దేవుణ్ణి ఇంకోటి అడుక్కో పో" అన్నాడు. లోకానికంతా వెలుగైనవాని పేరును నూనె మిల్లుకు పట్టా రాసిచ్చినారా? మొదటి మనిషి ఏ జంతువుకు ఏ పేరు పెడితే దేవుడు అదే ఖాయం చేసినాడు. మీరు ఆయనకంటే పెద్దోళ్ళా?

అర్జీ ఇచ్చినాక వచ్చిన మొదటి ఆదివారమే నేను ఆ పేరును మందిరంలో చాటించినాను. బొంబాయి కూలికి పోయినోళ్ళందరికీ ఆ పేరుకే తంతి ఇమ్మని ఆడోళ్ళు జాబులు రాయించినారు. దాంట్లో తప్పేముంది?

ఇప్పుడు బొంబాయి నుంచి "హులిగమ్మ, జ్యోతి, ఆదోని" అని తంతి వచ్చింది. అట్లాంటి ఆడమనిషి ఈడ లేదని మిల్లోళ్ళు తిప్పి పంపినారు. మీ గుమాస్తా దాన్ని బల్లమీద పెట్టుకొని, ఈ విలాసం చెల్లదు, వెనక్కి పోతుంది అంటాడు. ఆమె మొగుడు శేషప్ప బొంబాయి ఆస్పత్రిలో ఉన్నాడయ్యా.

నేను ప్రార్థన కూటాలకు ఎమ్మిగనూరు పోతాండాను. పేరు సంగతి తిరిగొచ్చినాక తేల్చుకుందాం, నేనైతే విడిచిపెట్టను. ఈ ఉత్తరం తెచ్చి మీ ముందర నిలబడిన మనిషే హులిగమ్మ. తంతిని ఆమెకిచ్చి, మీ నోటితోనే చదివి చెప్పండి. ఆమెకు చదువు రాదు.