టైఫాయిడ్ కాదని చెప్పాను

సలోమీ,

నువ్వు ప్రభువు దగ్గరికి వెళ్ళి పాతికేళ్ళయింది. ఈ మధ్య పొద్దున లేచేసరికి నా వేళ్ళు బిగుసుకుపోయి మిరపకాయల తొడిమలు తీయలేకపోతున్నాను. గుంటూరు డాక్టరమ్మ కీళ్ళవాతం మొదలైందన్నారు. మందు ఇచ్చేముందు లోపల టీబీ దాగి ఉందేమో చూడాలని ముంజేతికి చిన్న సూది వేశారు. మూడోరోజు మళ్ళీ వెళ్తే డాక్టరమ్మ చూశారు, అక్కడ వాపు లేదు. టీబీ లేదనుకుని, స్తోత్రం చెప్పుకుని లేచాను.

"కూర్చోండమ్మా. మీ జబ్బున్నవాళ్ళకి లోపల టీబీ ఉన్నా ఒక్కోసారి చర్మం పొంగదు. ఈ మందుకి అది బయటపడితే ప్రాణం మీదకొస్తుంది. మీ ఇంట్లో ఎవరికైనా వచ్చిందా?"

"మా ఇంట్లో అలాంటివి లేవండి," అంటూ నాకు తోడు వచ్చిన మన చిన్నచెల్లి చిట్టి నా కాలు తొక్కింది.

అప్పట్లో దాని పెళ్ళి సంబంధం చెడిపోతుందని, నువ్వు టైఫాయిడ్‌తో పోయావని సంఘంలో చెప్పింది నేనే. ప్రార్థనలోనూ అదే మాట అన్నాను.

"మా చెల్లెలికి వచ్చిందండి. ఏడు నెలలు నా పక్కనే పడుకుంది," అన్నాను.

మందు ఆపి ఎక్స్‌రేకి రాశారు.

బస్సులో చిట్టి ముఖం తిప్పుకుని కూర్చుంది. నల్లపాడు దాటాక అడిగింది. "అంత దగ్గుతుంటే నువ్వెందుకు పడుకున్నావక్కా పక్కన?"

సలోమీ, నీకు ఒంటరిగా పడుకోవాలంటే భయమని దానికి చెప్పాను.

అక్క