నీళ్లొచ్చిన రోజు

అమ్మా, ఒంట్లో బాగానే ఉంది, కంగారు పడకు. నీటి సంఘం ఎన్నికల్లో మాత్రం ఓడిపోయాను.

రెండేళ్లుగా కాలువ చివరి పొలాలకు చుక్క నీరు రాలేదు. సరిగ్గా పోలింగు రోజు పొద్దున్నే పాత అధ్యక్షుడు గేటు ఎత్తించాడు. నాకు ఓటేస్తామన్న వాళ్లంతా పారలు పట్టుకుని పొలాలకు పరుగెత్తారు. ఆఖరికి మీ అల్లుడు కూడా! ఓటేసి వెళ్లమని బతిమాలితే, "గెలిస్తే నీళ్లు తెస్తానన్నావు, అవే వచ్చేశాయిగా" అన్నారాయన. నాకు పడింది నా ఓటొక్కటే. సాయంత్రానికి గేటు దించేశారు. మన మడి సగం కూడా తడవలేదు.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? ఈసారి విత్తనాలు పంపొద్దు. ఈ కార్డు నాన్న కంట పడనీయకు. గెలిచిందా అని ఆయన అడిగితే, నీళ్లొచ్చాయట అని చెప్పు.

నీ పెద్దది