అడ్డదారి

చెల్లెలికి ఆశీస్సులు. కళ్లు కనబడక నేను అడవిలో దారి తప్పానని మరిదిగారు అందరికీ చెబుతున్నారట. నా కళ్లు బాగానే ఉన్నాయి, తెలిసే తప్పాను. గుర్తులు వేసిన బాట దిగవద్దని ఇరవై ఏళ్లు యాత్రికులకు చెప్పిన గైడును నేనే, నా మోకాలి నొప్పి వాళ్లకు తెలియకూడదని దగ్గరి అడ్డదారిన వాళ్లను దింపాను. నెల తిరిగేసరికి అందరూ అటే నడిచి, మొలకలన్నీ తొక్కేశారు.

"పెద్దమ్మగారూ, మీరే అటు దిగితే ఇంకెవర్ని ఆపమంటారు మమ్మల్ని?" అన్నాడు అడవి కాపలాదారు.

మేడమీద కిటికీ రెక్క బాగు చేయించావా? నా తోటపని చేతితొడుగులు పంపించు. మరిదిగారికి నిజమే చెప్పు. పిల్లలకు దీవెనలు.

గైడు బిళ్ల తిరిగి ఇచ్చేశాను. తొక్కిన చోట మొక్కలు నిలదొక్కుకునేవరకు ఇక్కడే నాటుతూ ఉంటాను, ఇంటికి రాను.