గుటకల కాపలా

జూన్ 4

అక్షరాలు కోడిగీతల్లా ఉన్నాయి, తప్పులూ ఉంటాయి. ఐదో క్లాసుతో ఆగిన చదువు, ఏమనుకోకండి. ఎవరికి చెబుతున్నానో నాకే తెలియదు. రేపు ఆయనకు ఆపరేషన్. ముక్కు దూలం లోపల వంకరగా ఉందట. పాపం, ఊపిరంతా నోటితోనే. వాసనలు తెలియవు. పెళ్లయిన దగ్గర్నుంచీ నేనేం వండినా బ్రహ్మాండం అంటారు.

జూన్ 5, మధ్యాహ్నం

ఆపరేషన్ అయింది. ముక్కు నిండా గాజుగుడ్డ కుక్కారు. కింద మీసంలా ఇంకో గుడ్డ కట్టారు. తల ఎత్తులో ఉండేలా దిండ్లు పెట్టారు. సిస్టర్ నన్ను పిలిచి, ముక్కు చీదనివ్వకు, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మమను, నోట్లోకి వచ్చింది ఉమ్మేయమను అంది. మాటిమాటికీ గుటకలు వేస్తుంటే మాత్రం వెంటనే పిలువు అంది. రక్తం ముందుకు రాకుండా వెనక నుంచి గొంతులోకి దిగుతుందట. గొంతు మీంచి చూపు తిప్పకు అంది.

అత్తయ్య ముందు ఆయన ముఖంలోకి నేనెప్పుడూ తిన్నగా చూసింది లేదు.

జూన్ 5, సాయంత్రం

చూస్తూ కూర్చున్నాను. అత్తయ్య, ఏంటే అమ్మాయ్, మావాణ్ణి కొరుక్కుతినేలా చూస్తున్నావు అంది. పక్క మంచం ఆవిడ పకపకా నవ్వింది. సిగ్గుతో చచ్చిపోయాను. తల దించుకున్నాను.

తల ఎత్తేసరికి గుటక. మళ్లీ గుటక. నిద్రలోనే. మీసం గుడ్డ మాత్రం తెల్లగానే ఉంది. అత్తయ్య, దాహమేమోలేవే, ఊరికే వాళ్లను విసిగించకు అంది. సిస్టర్ వార్డుకు ఆ చివర ఉంది. వెళ్లి మెల్లగా చెబుదామని లేచాను. ఆయన్ని వదిలి కాలు కదల్లేదు. సిస్టర్ అని అరిచాను. నాకు అంత గొంతుందని నాకే తెలియదు. వార్డంతా ఇటు తిరిగింది.

సిస్టర్ పరిగెత్తుకొచ్చి ఆయన నోట్లోకి టార్చ్ వేసింది. గొంతు వెనక అంతా రక్తం. డాక్టరు గారు వచ్చి లోపలికి తీసుకెళ్లారు.

జూన్ 6

రక్తం ఆగింది. సిస్టర్ నా భుజం తట్టి, సమయానికి పిలిచావు అంది. అత్తయ్య చుట్టాలందరికీ ఫోన్లు చేసి, మా కోడలు అరిస్తే ఆసుపత్రి అదిరిపోయింది అని చెబుతోంది. ఫోను ఫోనుకీ నా అరుపు పెరుగుతోంది. నేను కాదనలేదు.

జూన్ 12

ఇంట్లో ఆయన నోరు తెరిచి తుమ్మారు. గోడ మీద పిల్లి పారిపోయింది.

జూలై 20

ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి, ఏదో మాడుతున్నట్టుందే అన్నారు. నిజమే, కూర మాడింది. నా వంటకు మొదటి వంక.

ఈ పుస్తకం ఎవరికైనా దొరికితే కాల్చేయండి. ఈ పేజీ మాత్రం వద్దు.