వదిన తల ఆనించిన గోడ

మార్చి తొమ్మిది, ఆదివారం

గౌరవనీయురాలైన వదినగారికి,

నీ ఆడపడుచు నమస్కారాలు. ఇక్కడ మేమంతా బాగున్నాం, అక్కడ నువ్వూ బాగున్నావని తలుస్తాను. ఉత్తరం ఇలా మొదలుపెట్టాలని బళ్ళో నేర్పారు. ఆ తర్వాతేం రాయాలో నేర్పేలోపు నేను బడి మానేశాను కాబట్టి ఇక్కణ్ణుంచి నా ఇష్టం. ముందు పైన రాసిన వాక్యం కొట్టేసుకో. ఇక్కడ ఎవరం బాగాలేం.

నువ్వు నా ఫోన్ ఎత్తవు. కవరు మీద నా కోడిగీతలు చూసి చించెయ్యకుండా ఉంటే చాలు. లోపల రబ్బరు బల్లి లేదు, ఒట్టు.

నువ్వు వెళ్ళాక మా అన్న పని మానేశాడు. ఊళ్ళో సగం ఇళ్ళకు రంగులేసిన మనిషి, బ్రష్షులు గట్టిపడి కట్టెపుల్లలైనా వాటి మొహం చూడలేదు. మంచం మీద పడుకుని గోడకేసి చూడడమే పని. ఏ గోడ? నువ్వు పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ చూసిన ఆ వట్టి సిమెంటు గోడే. సొంతింటికి సున్నమైనా కొట్టని ఆ మహానుభావుణ్ణి నువ్వెంతగా బతిమాలావో నేను చూడలేదా? అడిగినప్పుడల్లా 'ఈ పని ఒక్కటీ అవనీ' అనేవాడు. నువ్వు పెట్టె సర్దుకున్న రోజు కూడా పక్కవీధిలో ఎవరిదో వంటగది అవనీ అన్నాడు.

నేను ఊడ్చి తుడిచే పళ్ళ డాక్టరమ్మ గది బయట రంగురంగుల పుస్తకాలుంటాయి. ఒకదాంట్లో పడగ్గది బొమ్మ చూశాను. గోడలు గులాబీవే, కానీ ఎండకు వెలిసి, మీద కాస్త బూడిద చల్లినట్టున్నాయి. కింద 'డస్టీ రోజ్' అని ఉంది. అంటే దుమ్ము పట్టిన గులాబీ అని డాక్టరమ్మ చెప్పింది. దుమ్ము మా ఇంట్లో బోలెడుంది, గులాబీ ఒక్కటే తక్కువ అన్నాను. ఆవిడ నవ్వలేదు. పళ్ళు బాగున్నవాళ్ళు నవ్వరు.

ఇంటికొచ్చి ఆ బొమ్మ మా అన్న మంచం మీద పడేశాను. వదిన ఫోన్ చేసింది, గదులన్నిటికీ ఈ రంగు వేస్తే వచ్చి చూస్తానంది అని చెప్పేశాను. నా నోరు ఊరుకోదు కదా. ఓ పూట లేచి తిరుగుతాడు, అబద్ధమని తెలిశాక నన్ను తిడతాడు, తిట్టేటప్పుడైనా మనిషిలా ఉంటాడు అనుకున్నాను. తిట్టలేదు వదినా. వెళ్ళి బ్రష్షులు నానబెట్టాడు.

పుట్టీ పెట్టాడు, గరుకు కాగితంతో రుద్దాడు, ప్రైమరు కొట్టాడు. రంగు దగ్గర చిక్కుకున్నాడు. ఆ పేరుతో కొట్లో అమ్మేది తెచ్చి పూస్తే అచ్చం చిగుళ్ళలా ఉంది. పళ్ళ డాక్టరు దగ్గర చేసేదాన్ని, చిగుళ్ళు నాకు తెలియవా? కాస్త ఎరుపు కలిపితే ఇటుకైంది. నలుపు చుక్క వేస్తే దెబ్బ తగిలి కమిలినట్టైంది. తడిగా ఉన్నప్పుడు ఒకటి, ఆరాక ఇంకొకటి, ట్యూబులైటు కింద మరొకటి. ప్రతిసారీ నన్ను పిలిచి, "ఇదేనే మీ వదిన అంది? సరిగ్గా ఇలాగే అందా?" అని అడిగేవాడు. నువ్వు అననే అనని మాట ఎలా అన్నావో నేనేం చెప్పను? "ఇంకొంచెం దుమ్ము కావాలంది" అనేదాన్ని.

చివరికి కుదిరింది. పొద్దున్నే కిటికీలోంచి వెలుగు పడితే, గది సిగ్గుపడబోయి ఆపుకున్నట్టుంది. ఒక్క చోట తప్ప.

మంచం పక్కన నువ్వు తల ఆనించి కూర్చునే చోట నూనె మరక ఉంది కదా, అరచేయంత. నూనె మీద రంగు నిలవదు. సబ్బునీళ్ళతో కడిగి, గీకి, అప్పుడు వేయాలి. ఈ మాట పనివాళ్ళ మీద అరిచి అరిచి చెప్పేవాడు, ఇక్కడ మాత్రం కడగలేదు. పైనుంచే వేశాడు. ఆరేసరికి మరక బయటికొచ్చింది. ఇంకో పూత వేశాడు. మళ్ళీ వచ్చింది. గీకి పారెయ్యొచ్చుగా అంటే, "దాన్నలా ఉండనీ" అన్నాడు. ఉండనిచ్చేవాడివి పైన రంగెందుకంటే, "తను వస్తే కనపడకూడదుగా" అన్నాడు. ఇద్దరిలో పిచ్చి ఎవరికో తేల్చుకోలేక బయటికొచ్చేశాను.

ఇప్పుడు గదులన్నీ అయిపోయాయి. వాకిలికెదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నువ్వు రావని నాకు తెలుసు. అక్కడ నీకు బట్టలకొట్లో ఉద్యోగం ఉంది, నీకంటూ ఒక గది ఉంది, దాని గోడలకు నీకు నచ్చిన రంగుంది. మీ చెల్లెలు చెప్పింది. కాబట్టి రమ్మని అడగను. ఒక్క సాయం చెయ్యి. మా అన్న ఫోన్ చేస్తే, 'నేనా మాట అనలేదు' అని మాత్రం చెప్పకు. "చూద్దాం" అను. అది అబద్ధం కాదుగా. అదీ నోటికి రాకపోతే గట్టిగా దగ్గి పెట్టెయ్.

నువ్వు 'తేలు' అని పిలిచే
నీ ఆడపడుచు

తా.క. కవరు అంటించబోతుంటే మా అన్న వచ్చి ఎవరికే అన్నాడు. నాకు, ఈ తేలుకు, మాట తడబడింది. "ఆ ఫోన్ రాలేదని నాకు మొదటిరోజే తెలుసులేవే" అన్నాడు. ఎలా తెలిసిందన్నాను. "మీ వదిన నిజంగా చేసుంటే రంగు సంగతి తర్వాత, ముందు నన్ను దులిపేసేది. నువ్వు చెప్పినదాంట్లో ఒక్క తిట్టయినా లేదు" అన్నాడు. మరి ఇన్ని గోడలూ ఎందుకేశావురా నాయనా అంటే, "వేస్తున్నంతసేపూ వస్తుందన్నట్టే ఉండేదే" అన్నాడు.

కాబట్టి పైన అడిగిన సాయం అక్కర్లేదు వదినా. మా అన్న ఫోన్ చెయ్యడు. ఇది రాస్తుంటే లోపల్నుంచి గరగరమని చప్పుడొస్తే వెళ్ళి చూశాను. రంగు సరిగ్గా కుదరలేదట, గోడంతా గీకేస్తున్నాడు. నీ మరక ఉన్న చోటు ఒక్కటి వదిలేసి.