దయతో వచ్చిన కాగితం

మమ్బెత్ కూతురు సుయుంకాన్ అనే నేను, వయసు అరవై నాలుగేళ్ళు, ఇసిక్-కుల్ సరస్సు దక్షిణపు ఒడ్డున తాష్-కెచూ గ్రామ నివాసిని, ఒకప్పటి బడి వంటమనిషిని, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, కూర్చుని ఈ వీలునామా రాయిస్తున్నాను. ‘కూర్చుని’ అన్న మాట అక్కర్లేదని నోటరీ గారు అన్నారు. నేను మొదటిసారి సంతకం చేసిన పెద్ద కాగితం మూడు రోజులు నిలబెట్టాక చేసింది, అందుకని ఆ మాట ఉండాలన్నాను. ఆవిడ కాసేపు నా మొహం చూసి, ఉంచారు.

ఇందులో సొంత సంగతులు ఎందుకని కూడా అడిగారు. ప్రభుత్వం దగ్గర నా గురించి ఉన్న కాగితాల్లో నా సంతకం ఉంది గాని నా మాట లేదు. ఒక్కదాంట్లోనైనా ఉండనివ్వండి అన్నాను.

ఆస్తి వివరాలకు ముందు జరిగింది చెబుతాను. 1999 అక్టోబరులో మా బడి బొగ్గు కొట్టు తగలబడి, కాపలాదారు అషీర్ అందులో చనిపోయాడు. ఆ మధ్యాహ్నం తడి బొగ్గు ఇచ్చాడని నేను అతనితో గొడవపడ్డాను. పిల్లల సూపు ఉడకలేదని నలుగురూ వినేలా అరిచాను. కొట్టు గుమ్మం దగ్గర మా వంటింటి కిరసనాయిలు డబ్బా దొరికింది. పోయిన నా భర్తకు తమ్ముడు, నా మరిది దుయిషోన్, సాయంత్రం నేను అక్కణ్ణించి పరిగెత్తడం చూశానని చెప్పాడు. నేను ఆ వేళకి ఇంట్లో పిండి కలుపుతున్నాను. చూసినవాళ్ళు మా అమ్మ, నా తొమ్మిదేళ్ళ కూతురు సైరా. ఇంటివాళ్ళ సాక్ష్యం చెల్లదన్నారు. మరిది మాత్రం ఇంటివాడు కాదట.

దర్యాప్తు అధికారి నన్ను గోడకెదురుగా నిలబెట్టాడు. మూడో రోజుకి పాదాలు బూట్లలో పట్టలేదు. “సంతకం పెడితే కూర్చోవచ్చు, అక్కా,” అన్నాడు. కోపంగా అనలేదు. కుర్చీ కూడా తనే జరిపాడు. పెట్టాను, కూర్చున్నాను. పదిహేనేళ్ళు వేశారు.

1. తాష్-కెచూలో నాకున్న రెండు గదుల ఇల్లు, దాని వెనక పదకొండు ఆప్రికాట్ చెట్లు, పశువుల కొట్టం నా తదనంతరం నా ఏకైక కుమార్తె సైరాకు సర్వహక్కులతో చెందవలెను. సైరా ఇప్పుడు కరాకోల్‌లో నర్సు. నేను పదకొండేళ్ళు రష్యాలో పనిచేసి వచ్చానని అత్తవారింట్లో చెప్పింది. నేను వెళ్ళినప్పుడల్లా వియ్యపురాలు అక్కడి చలి గురించి అడుగుతుంది. చెబుతాను. చలి గురించి నాకు బాగానే తెలుసు.

తప్పుడు తీర్పును నేను పోయాక కూడా కొట్టేయమని అడగవచ్చని, అయితే రక్తసంబంధీకులే అడగాలని నోటరీ గారు చెప్పారు. అంటే సైరా సంతకం కావాలి. సంతకం పెడితే అత్తవారికి తెలుస్తుంది. పెడితేనే ఇల్లు అని రాయమని మా బంధువొకాయన సలహా ఇచ్చాడు. అలా రాయడం లేదు. షరతు మీద పెట్టే సంతకం ఎలా ఉంటుందో నాకు తెలుసు. సైరా పెట్టినా పెట్టకపోయినా ఇల్లు తనదే, చెట్లు తనవే.

2. నా కుట్టుమిషను తోక్‌మోక్‌లో ఉంటున్న గలీనా అనే ఆవిడకు ఇవ్వవలెను. పెడలు కొంచెం పట్టేస్తుంది, నూనె వేస్తే సరిపోతుంది. ఆడవాళ్ళ జైలులో ఆవిడా నేనూ పక్కపక్క మిషన్ల మీద పనివాళ్ళ చేతితొడుగులు కుట్టాం.

ఏటా వసంతంలో, నోరూజ్ పండగకు ముందు, అధ్యక్షుడికి క్షమాభిక్ష కోసం రాసుకునే కాగితాలు పంచేవాళ్ళు. అందులో మొదటి వాక్యం ముందే అచ్చయి ఉండేది: ‘నేను చేసిన నేరాన్ని అంగీకరిస్తున్నాను.’ ఆ కింద మన రాత. నేను ఖాళీగా తిరిగిచ్చేదాన్ని. జైలు ఉద్యోగిని ఒకామె మంచి మనిషి, రెండో ఏడో మూడో ఏడో నాకు నచ్చజెప్పింది. “ఏమీ చెయ్యలేదంటే నిన్నెలా క్షమిస్తారు చెప్పు? క్షమించడానికి ఏదో ఒకటి ఉండాలి కదమ్మా,” అంది. ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ కనిపించలేదు.

గలీనా మాత్రం ఏటా నాలుగు పేజీలు రాసేది. ఆవిడ నిజంగానే మొగుణ్ణి గొడ్డలితో కొట్టింది. నిజంగా ఒప్పుకుంది, నిజంగా ఏడ్చింది. క్షమాభిక్ష ఒక్కసారీ రాలేదు, శిక్ష మొత్తం అనుభవించే బయటికొచ్చింది. “నీకు రోషం ఎక్కువ, నాకు నేరం ఎక్కువ. ఇద్దరం ఇక్కడే కుడదాంలే,” అనేది. పదేళ్ళు నా కాగితం అలాగే ఖాళీగా ఇవ్వగలిగాను. తరవాతి చలికాలం సైరా ఉత్తరం వచ్చింది. అమ్మమ్మకు చూపు పూర్తిగా పోయిందని, టీ పోసుకోవాలంటే గిన్నెలో వేలు పెట్టి చూసుకుంటోందని రాసింది. ఆ వసంతంలో నేను కాగితం నింపాను. ఏం రాయాలో గలీనాయే చెప్పింది. నాలుగు పేజీలు రాసి రాసి ఆవిడకి అలవాటు. ‘పశ్చాత్తాపం’ అన్న మాట స్పెల్లింగు కూడా ఆవిడనే అడిగాను.

నాకు వచ్చింది. నాకు వచ్చిన రోజున గలీనా తన వంతు రొట్టె నా సంచిలో పెట్టి మళ్ళీ మిషను దగ్గరికి వెళ్ళింది. బస్టాండులో ఆ రొట్టె తిన్నాను. సంతోషం వస్తుందేమో అని కాసేపు చూశాను. బస్సు వచ్చింది.

3. మా అమ్మ కాలీపా వెండి కమ్మలు, ఉన్ని శాలువా, చెక్క దువ్వెన నా మనవరాలు ఐదాయ్‌కి ఇవ్వవలెను. పదహారేళ్ళు వచ్చాక ఇస్తే మేలు, ఇప్పుడిస్తే పోగొడుతుంది.

క్షమాభిక్ష ఉత్తర్వు నాకంటే ముందే గ్రామ కార్యాలయం ద్వారా ఇంటికి చేరింది. ‘నేరాన్ని సంపూర్ణంగా అంగీకరించి పశ్చాత్తాపపడిన కారణంగా, దయతో’ అని అందులో ఉంది. ఏ కాగితం వచ్చినా మా అమ్మ చదివించుకునేది. సైరా మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించింది. అప్పుడు దానికి ఇరవై ఒక్కటి. ఒక వాక్యం దాటెయ్యాలని దానికి తట్టలేదు. నేను తప్పు పట్టను.

ఇంటికి వచ్చిన నాలుగో రోజున అమ్మకు తల దువ్వుతున్నాను. జడ సగం అయ్యాక అడిగింది.

“నువ్వే చేశావా, తల్లీ?”

పదకొండేళ్ళు ఊళ్ళో ఎవరు ఏమన్నా ఎదురు తిరిగిన మనిషి. ఆ సాయంత్రం నా చేతులకున్న పిండిని కళ్ళతో చూసిన మనిషి.

“లేదమ్మా,” అన్నాను.

“సరే,” అంది.

జడ పూర్తి చేశాను. తరవాత ఏడు వారాలు బతికింది, ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఆ ‘సరే’ నమ్మిన సరేయో, పోనీలే అన్న సరేయో నాకు ఇవాళ్టికీ తెలియదు.

4. నా భర్త గుర్రపు జీను, వెండి పట్టీలతో సహా, నా మరిది దుయిషోన్ కొడుకులకు చెందదు. వాళ్ళు రెండుసార్లు అడిగారు. అది బడికి ఇవ్వవలెను, గుర్రప్పందేల రోజున గెలిచినవాళ్ళకు ఇచ్చుకుంటారు.

దుయిషోన్ 2018లో లివరు చెడి మంచాన పడ్డాడు. నన్ను రమ్మని కబురు పెట్టాడు. వెళ్ళేసరికి మౌల్వీ గారు, పాత మాస్టారు ఎసెన్‌గుల్ కూర్చుని ఉన్నారు. దుయిషోన్ గోడవైపు తిరిగి చెప్పాడు. “వదినా, ఆ రోజు కొట్టులో అషీర్‌తో తాగుతూ కూర్చుంది నేనే. కిరసనాయిలు డబ్బా మీ వంటింట్లోంచి నేనే తెచ్చాను, దీపంలో పోద్దామని. లేవబోయి దీపాన్ని తన్నాను. వాణ్ణి బయటికి లాగుదామనుకున్నాను. లాగలేదు.”

నా పేరు ఎందుకు చెప్పావని మాస్టారు అడిగారు.

“ఎవర్ని చూశావని అడిగారు. మధ్యాహ్నం వదిన అరుపులు చెవిలో ఉన్నాయి. అదే నోట్లోకి వచ్చింది.”

నేను దుయిషోన్ మేజోళ్ళ వంక చూస్తున్నాను. మడమ దగ్గర వేరే రంగు దారంతో కుట్టి ఉన్నాయి. ఇంకేమీ అనిపించలేదు. మాస్టారు అంతా రాసి, చదివి వినిపించి, సంతకం పెట్టించారు. క్షమించానని చెప్పమ్మా అని మౌల్వీ గారు అడిగారు. ఆలోచించుకుని చెబుతానన్నాను. ఆలోచించేలోపు దుయిషోన్ పోయాడు. క్షమించానో లేదో నాకు తెలియదు. అది పైన కూర్చున్నవాళ్ళు చేసే పని, కాగితం మీద వస్తుంది అనుకోవడానికి అలవాటు పడిపోయాను.

5. దుయిషోన్ వాంగ్మూలం అసలు ప్రతి, తీర్పు, క్షమాభిక్ష ఉత్తర్వు, కోర్టువాళ్ళ రెండు తిరస్కరణలు నీలం అట్టలో ఉన్నాయి. వాటిని, ఈ వీలునామా అమలు చేసే అధికారాన్ని ఎసెన్‌గుల్ మాస్టారికి అప్పగిస్తున్నాను. ఆయన అప్పుడు బడిలో లెక్కలు చెప్పేవారు. నేను జైలుకి వెళ్ళినప్పుడు ఏమీ అనలేదు. నాకు అనుకూలంగానూ అనలేదు. ఆ సంగతి ఆయనే నాతో ఒప్పుకున్నారు. తరవాత మోకాళ్ళ నొప్పులతో నాతోపాటు నాలుగుసార్లు కోర్టుకి వచ్చారు. ఒకదానికి ఒకటి సరిపోయిందనుకోండి, మాస్టారూ.

మొదటిసారి కోర్టులో ఒక చిన్నది, గుమస్తానో ఏమో, కాగితాలన్నీ ఓపికగా చదివింది. “మరి దేన్ని కొట్టెయ్యమంటారు, పెద్దమ్మా? శిక్ష ఎప్పుడో మాఫీ అయిపోయింది. పైగా మీ చేత్తో మీరు రాసిన ఒప్పుకోలు ఉంది,” అంది. మరిది ఒప్పుకోలు కూడా ఉంది కదా అన్నారు మాస్టారు. “ఆయన చనిపోయారు. ఈవిడ ఒప్పుకున్నారు, క్షమాభిక్ష తీసుకున్నారు. అప్పుడు తీసుకోకుండా ఉండాల్సింది,” అంది. ఆ పిల్ల నాకు టీ కూడా తెప్పించింది. తీసుకోకుండా ఉంటే మా అమ్మతో ఆ ఏడు వారాలు ఉండేవి కావు. ఏది ఎక్కువ బరువో నేను తూచలేదు, మాస్టారూ, మీరూ తూచకండి. సైరా సంతకం పెడితే మూడోసారి అర్జీ వెయ్యండి. పెట్టకపోతే అట్ట కట్టేసి మీ దగ్గరే ఉంచుకోండి.

6. దర్యాప్తు అధికారికి నా ఆస్తిలో ఏమీ లేదు. ఆయన పేరు రాస్తే పరువునష్టం అవుతుందని నోటరీ గారు చెప్పారు గనక రాయడం లేదు. రిటైరయ్యారు. పోయిన ఆగస్టులో సంతలో ఖర్బూజాలు ఏరుకుంటూ కనిపించారు. “ఒంట్లో ఎలా ఉంటోంది, అక్కా?” అన్నారు. బాగానే ఉందన్నాను. పక్కనున్న కాయ పండిందో లేదో చూసిపెట్టమన్నారు. తట్టి చూశాను. పండలేదు. ఆ మాటే చెప్పాను.

7. బత్మాకు ఏమీ రాయడం లేదు. కారణం ఇది. బత్మా అషీర్ భార్య. మనిషి పోయాక పదేళ్ళకు పైగా నన్నే తిట్టుకుంది. అయినా మా అమ్మకు చూపు మందగించినప్పటి నుంచి వాగు నీళ్ళు తెచ్చి మా గుమ్మంలో పెట్టి, పలకరించకుండా వెళ్ళేదట. క్షమాభిక్ష విషయంలో చనిపోయినవాళ్ళ ఇంటివాళ్ళ అభిప్రాయం అడుగుతారు. నా కాగితం వెళ్ళిన ఏడు బత్మా ‘అభ్యంతరం లేదు’ అని వేలిముద్ర వేసింది. తరవాత నేను కృతజ్ఞత చెప్పబోతే ఆపేసింది. “నిన్ను వదిలిపెట్టలేదు. ఆ ముసల్దానికి నీళ్ళు మొయ్యలేక వేశాను,” అంది. నాకు అందిన దయలన్నిటిలో అర్థమైంది అదొక్కటే.

దుయిషోన్ చెప్పింది బత్మాకు నేనే చెప్పాను. పొయ్యి దగ్గర రొట్టెలు కాలుస్తోంది. చాలాసేపు కాలుస్తూనే ఉంది. “అయితే ఇన్నేళ్ళూ నేను తప్పు లేని ఇంటి ముందు ఉమ్మేశానా,” అంది. ఒక రొట్టె మాడిపోయింది. మాడినదాన్ని తను తీసుకుని మంచిది నాకిచ్చింది.

నా పెద్ద ఇనుప బాండీ బత్మాకు రాద్దామనుకున్నాను. సాక్షిగా వేలిముద్ర వేసేవాళ్ళకు ఆస్తి రాకూడదని నోటరీ గారన్నారు. బాండీయా, సాక్ష్యమా, రెండిట్లో ఏది కావాలో బత్మానే చెప్పమన్నాను. “బాండీ మా ఇంట్లోనూ ఉంది,” అంది. బాండీ కూడా సైరాకే పోవలెను.

8. నా అంత్యక్రియలు మా ఊళ్ళోనే జరగవలెను. భోజనాలకు గుర్రాన్ని కోయవద్దు, గొర్రె చాలు. వచ్చినవాళ్ళకు అన్నం సరిపోయేలా చూడండి, ఉప్పు తక్కువ వెయ్యండి, మన ఊరివాళ్ళు ఎక్కువేస్తారు.

నమాజుకు ముందు మౌల్వీ గారు జనం వైపు తిరిగి, ఈ మనిషి ఎలాంటి మనిషి అని అడగడం, అందరూ మంచి మనిషి అనడం మన ఆచారం. దుయిషోన్ విషయంలోనూ అడిగారు. పెరట్లో మగవాళ్ళంతా మంచి మనిషి అన్నారు. లోపల ఆడవాళ్ళలో కూర్చున్న నేనూ అన్నాను. అనకూడదనీ అనుకోలేదు, అనాలనీ అనుకోలేదు. అలాంటప్పుడు అలాగే అంటారు.

నా విషయంలో ఆ ప్రశ్న అడగవద్దని మౌల్వీ గారిని, ఎసెన్‌గుల్ మాస్టారిని కోరుతున్నాను. ఊరివాళ్ళు జాలిపడి మంచిదనే అంటారు, నాకు తెలుసు. దయతో ఇచ్చిన కాగితం ఒకటి ఇప్పటికే తీసుకున్నాను. దయతో ఇచ్చే మాట కూడా వద్దు. నేను ఆ కొట్టు తగలబెట్టలేదు. అది తెలిసినవాళ్ళు నమాజు చదవండి, తెలియనివాళ్ళు కూడా చదవండి. తరవాత మట్టి వెయ్యండి.

ఇది నా కడపటి వీలునామా. ఇంతకుముందు వేరే ఏదీ రాయలేదు. నోటరీ గారు రెండుసార్లు చదివి వినిపించగా విని, అన్నీ నేను చెప్పినట్టే ఉన్నాయని చూసుకుని సంతకం చేస్తున్నాను.

తాష్-కెచూ, 2022 నవంబరు 14, సోమవారం.

(సంతకం) మమ్బెత్ కూతురు సుయుంకాన్

సాక్షులు:
జపార్ కొడుకు కుబాత్, గ్రామ తపాలా ఉద్యోగి (సంతకం)
బత్మా, కాపలాదారు కీ.శే. అషీర్ భార్య (వేలిముద్ర)