మూడో కొండ

ల్యాబు పెద్దసారుగారికి, సీసాలు కడిగే ముసలిదాని దండాలు.

అయ్యా, నిన్న జరిగినదాని గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. మన ల్యాబు అమ్మాయి దగ్గుమందు పరీక్షిస్తే, మిషను కాగితం మీద గీసే గీతలో రెండు కొండలే రావాలట, మందులోని ఒక్కో సరుకుకు ఒక్కోటి. మూడోది కూడా లేచిందట. "ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేయలేవా?" అని మీరు ఆ అమ్మాయిని పనిలోంచి తీసేశారు. నేను తలుపు పక్కనే ఉన్నాను, సీసాల బుట్ట ఎత్తుకుని వెళ్లిపోయాను.

ఆ కొండ నా వల్లే లేచిందేమోనని భయంగా ఉంది. వేళ్ల వాపులకు నొప్పుల మందు రాసుకుంటున్నాను. గ్లౌజులు బిగుతై నొప్పి పెడుతుంటే తీసేసి, ఉత్త చేతులతోనే ఆ పరీక్ష సీసాలు కడిగాను. అమ్మాయి ముందే చెప్పింది, "అవ్వా, ఆ మిషనుది కుక్క ముక్కు. నీ చేతికున్నది కూడా పట్టేస్తుంది, గ్లౌజులు తియ్యకు" అని. "సరేలేవే తల్లీ" అన్నానే గాని, తను అటు తిరగగానే తీసేశాను.

మందు డబ్బీ ఈ ఉత్తరంతో పంపుతున్నాను. మూత గట్టిగానే బిగించాను, అయినా చూసి తియ్యండి. దాన్నీ మిషనులో పెట్టి చూడండి. అదే కొండ లేస్తే అమ్మాయిని ఇవాళే పిలిపించండి, రేపటిదాకా ఆగకండి.

నన్ను ఉంచరని తెలుసు. నా తర్వాత వచ్చే మనిషికి మాత్రం కాస్త పెద్ద గ్లౌజులు ఇప్పించండి.

ఇట్లు,
మీ సీసాల అవ్వ